పది సెంటీమీటర్లు

నవంబరు, మంగళవారం, రాత్రి ఏడు.
టామరాక్ టౌన్ హాల్లో వెనక వరసలో కూర్చున్నాను,
బూట్ల కింద మంచు కరిగి మడుగయ్యేదాకా.
నీకేం పని నెస్టర్, అంది తలుపు దగ్గరి వాచ్‌మన్ చూపు.
నేను రెండువందల పన్నెండో పద్దుని.
నాలుగో నంబరు మంచు తోసే బండి, దాని డీజిలు, దాని డ్రైవరు.
నన్ను పైకి చదువుతుంటే వినాలని వచ్చాను.

కోశాధికారి తైమీ హ్యువరినెన్
మూడొందల పేజీలు నెమ్మదిగా తిప్పింది,
నిద్రపోయే పిల్ల మీంచి దుప్పటి తీస్తున్నట్టు.
పైపులు పాతవి, అంది. వంతెన ఇంకా పాతది.
ఇంటిపన్ను ఆరున్నర శాతం పెంచకపోతే
వచ్చే ఏడు ఇక్కడే నిలబడి ఇదే చెప్తాను,
అప్పటికి వంతెన కూడా వచ్చి చెప్తుందేమో.

ఐలీ కోస్కెలా మైకు దగ్గరికి నడిచింది.
ఎనభై ఒకటి. బ్రెడ్డు సంచిలోంచి
పన్ను కాగితాలు తీసి బల్లమీద పరిచింది
పేకముక్కల్లా, ఏడాదికొకటి.
మా ఆయన గనిలోకి దిగిన ఏడు కట్టుకున్న ఇల్లు.
ఇల్లు పెరగలేదు. నేనూ పెరగలేదు, కుంగాను.
దాని విలువ ఒక్కటే పెరిగిందంటారు.
ఆ విలువని ఏ గదిలో పెట్టారో చూపించండి,
అందులోంచి తీసి మీకిచ్చేస్తాను.

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.
మూడు నిమిషాల గంట మోగింది.
కాగితాలు మళ్ళీ ఏళ్ళ వరసలో పేర్చుకోడానికి
ఇంకో మూడు పట్టింది.
మేయర్ క్రోజియర్ అంతసేపూ గడియారం కేసి చూడలేదు.
అలాంటి వాటికే ఓటేశాను ఆవిడకి,
మళ్ళీ వేస్తానో లేదో.

డాక్టర్ బోర్తొలొత్తి లేచాడు.
పొద్దంతా ఊళ్ళో పళ్ళు పీకే మనిషి,
రాత్రికి పన్ను పెరగనివ్వనన్నాడు.
రెండున్నర దగ్గర గీత గీద్దాం, అన్నాడు.
గీత గీయడానికి నిమిషం.
గీతకవతల పడ్డవాటిని ఏరేసరికి పదకొండయింది.

గురువారం సాయంత్రం లైబ్రరీ పోయింది.
ఆదివారం బస్సులు రెండు, ఒకటి మిగిలింది.
ఫిర్యాదుల ఫోను ఇక సాయంత్రం నాలుగింటికే పడుకుంటుంది.
రింకులో ఐసు డిసెంబర్లో కాదు, జనవరిలో.
దానికి మాత్రం ఒక పిల్లాడు ఏడ్చాడు,
తండ్రి ఒళ్ళో, హాకీ చొక్కాలో.
ఆ ఏడుపుని బలపరిచేవాళ్ళు లేక అది వీగిపోయింది.

నా పద్దు వచ్చింది. ఒకటే వాక్యం.
అవతలికి దారి లేని సందుల్లో ఇకమీదట
అయిదు సెంటీమీటర్లకి కాదు, పది కురిస్తేనే బండి.
ఆరు చేతులు లేచాయి, మూడు లేవలేదు.
బడ్జెట్ గట్టెక్కింది.
ఐలీ చప్పట్లు కొట్టింది, ఉన్ని తొడుగులతో,
శబ్దం రాలేదు.
వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టింది:
ఏడాదికి నూట పద్నాలుగు డాలర్లు మిగిలాయి, నెస్టర్!

ఆవిడది దారి లేని సందు.
నేను చెప్పలేదు.
నాకూ ఇల్లుంది. నాకూ మిగిలింది.

జనవరి. తెల్లవారుజామున నాలుగు.
స్ప్రూస్ సందు మొదట్లో బండాపాను.
రాత్రంతా కురిసి ఇప్పుడే ఆగింది.
సీటు పక్కన కొత్త స్కేలు, పసుపు రంగుది.
స్కేళ్ళకి మాత్రం డబ్బు దొరికింది.
రోడ్డు మధ్య గుచ్చాను: ఏడు.
నాలుగడుగులు వేసి మళ్ళీ గుచ్చాను: ఏడున్నర.
ఆ వాక్యాన్ని మాటమాటా గుర్తు చేసుకున్నాను.
పది అన్నారు.
ఎక్కడ గుచ్చాలో అనలేదు.

కోస్కెలా కంచె వార, గాలి పోగేసిన చోట
పద్నాలుగు.

రాసుకున్నాను. బ్లేడు దించాను.
సందు కొసదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి
తోసిన మంచంతా, ఎప్పట్లాగే,
ఆవిడ వాకిలికి అడ్డంగా మోకాలెత్తు గట్టయింది.
వంటింట్లో లైటు వెలిగింది.
కర్టెన్ పక్కకి జరిగింది.
పొద్దున్నే ఫోను చేస్తుంది నా మీద,
నాలుగింటిలోపే.