పదకొండు వరుసలు, ఒక్క వరుస

ఆలూరు బడి. శుక్రవారం చివరి పీరియడ్.
కిటికీ అవతల ఆదోని పోయే పత్తి లారీలు.
ఒకే మాట మీద రెండు బెంచీలూ రాయాల,
గెలిచిన బెంచీకి నా జేబులోని నీలం రీఫిల్.
ఈ వారం మాట: ట్యాంకరు.

ఉరుకుందమ్మ బెంచీ పదకొండు వరుసలు రాసింది,
ఎన్ని చక్రాలో, ఏ రంగో, ఎన్నింటికొస్తుందో,
చివర్న "నీటిని పొదుపు చేయవలెను" అని
ఆఫీసు గోడ మీది మాట కూడా.

మద్దిలేటి, పేరు తప్ప ఏదీ రాయనోడు,
పెన్సిలు కొరికి కొరికి
గంట కొట్టే ముందర ఒక్కటి పెట్టినాడు:
"ట్యాంకరొచ్చిన దినం మాయమ్మ గొంతు
మా వీదిలో అందరికన్నా పెద్దది."

వీధికి ఒత్తు మర్చినాడు.
దిద్దబోయి, ఎర్రపెన్ను మూసేసినా.

"ఒక్కటే సార్! మావి పదకొండు!"
స్కేలు పెట్టి కొలిచినారు కూడా.
తగువు తెగలేదు.
రీఫిల్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాక్కూడా.

సోమవారం చూస్తే
ఉరుకుందమ్మ నోటుబుక్కు వెనకట్ట మీద
వాని వరుస ఎక్కించుకొని, కింద తనదొకటి:
"గొంతు వాళ్లమ్మదే పెద్దది.
ముందు నిండేది మాయమ్మ బిందె."

మద్దిలేటికి చూపించినా.
చదివినాడు, మళ్లీ చదివినాడు.
బ్లేడు అడిగి తీసుకొని
పెన్సిలు చెక్కుతాండాడు.