నెలకు నాలుగుసార్లు

పటంలో ఎర్ర గుర్తు సముద్రంలో పడింది.
మొదట అది సరిచేద్దామనుకున్నాను.
ఎదువిహెస్ ఒయార్సూన్ గారి కొట్టు
నీళ్ళల్లో నాటిన గుంజల మీద నిలబడి ఉంటుంది,
చిలోయే దీవిలో, కాస్త్రో పట్నం అంచున.
ఉపగ్రహానికి ఆ పలకల గోడ కనబడదు,
వాన ఒక్కటే కనబడుతుంది.

నా పనేమిటో చెబితే నవ్వింది.
"అంటే, నా కొట్టుని ముందు వరసలో కూచోబెడతావు?"
అవునన్నాను. నెలకింతని, తొలి నెల ఉచితమని.
"చర్చిలో కూడా వెనకే కూచుంటాను అబ్బాయ్,
తలుపు దగ్గరైతే గాలాడుతుంది."

ఆమె ఉన్ని పరుపులు విప్పి కుడుతుంది.
పాత పరుపు పొట్ట కోసి, గడ్డకట్టిన ఉన్నిని
వేళ్ళతో దువ్వి, ఉతికి, ఎండ దొరికిననాడు ఆరేసి
జానెడు సూదితో మళ్ళీ మూటకడుతుంది.
ఈ పనికో పేరుంది. ఆ పేరుతో
నిరుడంతా ఎవరూ వెతకలేదు.
సున్నా అని చూపింది నా తెర.

నాకొచ్చిన విద్యలన్నీ ప్రయోగించాను.
శీర్షికలో పట్నం పేరు రెండుసార్లు ఇరికించాను.
"నాణ్యమైన", "నమ్మకమైన", "మీ దగ్గర్లోని",
ఉప్పు మరిచిన కూరలో కారం కుమ్మరించినట్టు
మాటలు కుమ్మరించాను.
ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చివరిదాకా చదివి
"ఎవరీవిడ?" అంది.

ఒక్క నక్షత్రమే ఇచ్చిన మనిషొకడున్నాడు.
కుక్క మొరిగిందని రాశాడు.
ఆమె చెబుతుంటే నాలుగు పేజీల జవాబు టైపు చేశాను:
దానికి కుడిచెవి వినబడదని,
ఎడమవైపు నుంచి వస్తే మొరగదని.
నక్షత్రం ఒకటి పెరిగి రెండయింది.
ఆ వారం మాకదే పండగ.

జూలైలో, కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం,
జనం నిజంగా ఏం అడుగుతున్నారో చూపించమంది.
దీవిలో రాత్రుళ్ళు టైపైన మాటలు, పక్కన అంకెలు:
చవక పరుపు వాయిదాల్లో, రెండొందల పది.
నడుం నొప్పికి ఏ పరుపు, తొంభై.
మూడింటికే మెలకువ, అరవై.
ఆమె వేలు కిందికి, ఇంకా కిందికి జరిగింది,
నేనెప్పుడూ దిగని చోటికి,
గిరాకీ లేని మాటల అడుగుకి.
పోయిన మనిషి పరుపు ఏం చేయాలి, నాలుగు.

"నెలకు నాలుగుసార్లా?"
"అది లెక్కలోకి రాదండీ. వదిలేయొచ్చు."
ఆమె వదల్లేదు.
"రేవులో ఆల్చిప్పలమ్మే ఎర్మెలిందా.
బస్సు నడిపే చిగ్వాయ్.
బడిలో వంట చేసే ఆవిడ."
మూడు వేళ్ళు ముడిచింది.
నాలుగో వేలు తెరిచే ఉంచింది.
ఎవరని అడగలేదు. నేనూ చెప్పలేదు.

రాసిందంతా కొట్టేయమంది. కొట్టేశాక ఇలా చెప్పింది:
"తీసుకురండి. మోయలేకపోతే మా మేనల్లుడొస్తాడు.
విప్పుతాను. ఉతుకుతాను.
ఎండ రాకపోతే పొయ్యి పక్కన ఆరేస్తాను.
మనిషి పడుకున్న పల్లం పోతుంది.
ఉన్ని పోదు.
పరుపు వద్దనుకుంటే దిండు చేసిస్తాను.
డబ్బు మాట తర్వాత."

పట్నం పేరు లేదు. ఫోన్ నంబరు నేను బతిమాలితే పెట్టనిచ్చింది.
మా విద్య ప్రకారం ఇది తప్పుల తడక.
మూడు వారాలకి మొదటి వరసలో కూచుంది.
పోటీ ఎవరు గనక? ఆ ప్రశ్నకి జవాబు రాసే తీరిక
ఏ పరుపుల కంపెనీకీ లేకపోయింది.
వెతకబోయిన తీగ కాలికి తగిలిందంటారు.
తీగకి ముళ్ళుంటాయని మాత్రం ఎవరూ అనరు.

ఇప్పుడు పుంతా అరెనాస్ నుంచి కూడా ఫోన్లొస్తాయి.
అవతల కాసేపు ఎవరూ మాట్లాడరు.
ఆమె తొందరపెట్టదు,
సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉంటుంది.

నా బిల్లుకి సగం డబ్బిచ్చింది, సగం దిండిచ్చింది.
ఆ దిండులో ఉన్ని ఎవరిదో నాకు తెలుసు.
పరుపుగా ఉన్నప్పుడు దాన్ని నేనే మోసుకెళ్ళాను,
వానలో, ఎడమవైపు నుంచి.

ఎర్ర గుర్తు ఇంకా సముద్రంలోనే ఉంది.
మార్చబోతే వద్దంది.
ఆటు వేళ అక్కడ బురదలో నడిచి రావచ్చట.
పోటు వేళ వచ్చేవాళ్ళకి
పడవ కట్టే ఉంటుందట.