ఉత్తగనే

నెల మొదటి వారం రాంనగర్ గల్లీలన్నీ నావి.
మెడల బిల్లు మిషన్, చేతిల టార్చి,
ఇంటింటికి పోయి అంకెలు ఏరుకొచ్చే పని.
మీటర్లు ఎప్పుడూ మెట్ల కిందనే ఉంటయి,
ఖాళీ సిలిండర్లు, తెగిన చెప్పులు,
చక్రం ఊడిన పిల్లల సైకిళ్ళు.
వాటి నడుమ నడుం వంచి నిలబడి
ఎవరింట్ల ఎంత వెలుగు కాలిందో రాసుకుంట.

మిషన్‌ల ప్రతిదానికీ ఓ కోడ్ ఉంటది.
తాళం వేసుంటే ఒకటి, మీటర్ కాలిపోతే ఒకటి.
కుక్క ఉంటే మాత్రం ఏ కోడూ లేదు.
కుక్కల సంగతి మేమే చూసుకోవాలె.

పోయిన మంగళవారం
చేపల మార్కెట్ వెనుక సందుల
ఒక పిల్ల, నాలుగేండ్లుంటయేమో,
బెల్ అందక మునివేళ్ళ మీద ఎగురుతున్నది.
"ఎవరింటికి బిడ్డా?"
"మా ఇంటికే."
"తలుపు తీసే ఉన్నది కదా?"
"ఐతేంది? బెల్ కొట్టాలె."
నిజమే. ఐతేంది.
సంకల కింద చేతులు పెట్టి లేపిన.
కొట్టింది. లోపట కోయిల కూసింది.
మళ్ళ కొట్టింది.
వాళ్ళమ్మ పిండి చేతులతోని ఉరికొచ్చి
"ఎవరూ?" అంటే
"నేనే" అన్నది,
ఇల్లు కొననీకి వచ్చినట్టు అటూ ఇటూ చూసుకుంట
లోపటికి నడిచిపోయింది.
నాకు మీటర్ చూడాలన్న సంగతే యాదికి లేదు.

ఆ పొద్దే షురూ అయింది నా రోగం.

తాళం వేసిన ఇంటి గేటు సందులకెల్లి
నా నీళ్ళ సీసా వంచి
వాడిపోయిన మల్లె కుండీకి రెండు గుక్కలు పోసిన.
ఎవరిదో, వాళ్ళు ఏ ఊరు పోయిండ్రో.
కోడ్ మాత్రం తాళందే కొట్టిన.

మీటర్ డబ్బాల ఎల్లెల్కల పడి
కాళ్ళు కొట్టుకుంటున్న పురుగును
బిల్లు కాగితం అంచుతోని బోర్ల తిప్పిన.
అది ఒక్క మాటన్న చెప్పకుండ ఎగిరిపోయింది.
మంచిదే.

మూడంతస్తుల ఇంటి కింద
చెల్లాచెదురైన చెప్పులను జతలు కలుపుతుంటే
సులోచనమ్మ పైనించి చూసి
"ఏయ్, చెప్పుల దొంగ!" అని ఒర్రింది.
"జతలు కలుపుతున్ననమ్మా."
"ఎందుకు?"
ఎందుకో నాకే తెల్వదు, ఆమెకేం చెప్తా?
నేను గల్లీ మలుపు తిరిగేదాక
రెయిలింగ్ పట్టుకొని చూస్తనే ఉన్నది.

బాకారంల ఇస్మత్ ఆపా కుట్టుమిషన్ మీద
ఎవరి పెండ్లి జాకెట్లో కుడుతున్నది.
రెండు నెలల బిల్లు బాకీ.
కరెంటు కోస్తరని చెప్పుడు నా డ్యూటీ, చెప్పిన.
సరే అని తలూపింది.
నా అంగీ చూసింది.
"గుండీ వేలాడుతుంది, నిలబడు."
"వద్దు ఆపా, ఒంటి మీద కుట్టొద్దంటరు."
"అనేటోళ్ళు కుట్టరు. ఊపిరి పట్టు."
ఊపిరి పట్టిన.
సూది నా రొమ్ము కాడ నాలుగుసార్లు వచ్చిపోయింది.
పండ్లతోని దారం తెంపింది.
తెల్ల గుండీకి ఆకుపచ్చ దారం,
సూదిల ఏదుంటే అదే.
"పైసలెంత?"
"హట్. ఐసైచ్."

ఐసైచ్.
మా దగ్గర ఉత్తగనే అంటం.
ఉత్త చేతులు, ఉత్త కడుపు, ఉత్త గిన్నె,
చిన్నప్పటి సంది మా ఇంట్ల
ఉత్త అంటే ఏం లేకపోవుడే.
అండ్ల ఇంత జాగా ఉంటదని
నలభై ఏండ్లకు తెలిసింది.

ఆమె బాకీ నేను కట్టలే. కట్టేటంత లేదు నా దగ్గర.
వచ్చేటప్పుడు ఆ మెట్ల మూలకు
టార్చి కొంచెం సేపు పట్టిన,
అక్కడ ఏం లేదు, బూజు తప్ప.
బూజు బంగారం లెక్క మెరిసింది.

పొద్దుమీకి ఆఫీసుల మిషన్ అప్పజెప్తుంటే
"రెండొందల ఇండ్లకు ఇంత సేపా?"
అన్నడు ఇంజనీరు సారు,
నా ఆకుపచ్చ దారం దిక్కు చూసుకుంట.

"కుక్కలు సార్" అన్న.