ముప్పై ఆరువేల ఏండ్ల గొల్ల

యూనివర్సిటీ లైబ్రరీలో, ఫ్యాను తిరగని మూలలో
చదివినానన్నా:
సుమేరు దేశంలో మట్టిపలక మీద రాజుల జాబితా ఉంది.
అందులో ఒకాయన దుముజి.
పేరు పక్కన బిరుదేమీ లేదు,
గొర్రెల కాపరి, అంతే.
ముప్పై ఆరువేల ఏండ్లు ఏలినాడంట.

నువ్వు వేపపుల్ల నములుతా అడిగితివి:
"అన్నేండ్లకు మేత యాడిదంట?"
పలకలో జవాబు లేదు.
రాజులను లెక్కబెట్టినోళ్ళు గడ్డిని లెక్కబెట్టలేదు.

ఇంకొకాయన ఎటన. ఆయనా కాపరే.
పిల్లలు పుట్టే మూలిక కోసం
గద్ద వీపెక్కి ఆకాశానికి పోయినాడు.
"గద్దొస్తే రాయి ఇసరాల గానీ ఎక్కేదేంది?" అంటివి.
కాసేపాగి, కొండ దిక్కు చూసి,
"మనాయన ఎక్కేదీ గద్దనే గదా" అని చెంపలేసుకుంటివి.

భాకరాపేట కనుమ కింద
రెడ్డి చేన్లో మంద కట్టిన రాత్రి అది.
దుముజి కల చెప్పినాను నీకు:
కవ్వం పక్కకొరిగి పడింది, పాలు చిందలేదు.
ముంత కొక్కెం నించి జారింది.
దొడ్డిలో గాలి తప్ప ఏమీ లేదు.
చెల్లెలు ఆ కల విప్పింది: నీ కోసం వస్తా ఉండారు, దాక్కో.
ఆమె పేరు గెష్తినన్న.
పేరు చివర అన్న ఉన్నా ఆమె చెల్లెలే.
రాత నేర్చినామె.

వచ్చినోళ్ళు గల్లలు.
గల్లకూ గొల్లకూ ఒక్క గుణింతం తేడా.
నువ్వు నవ్వలేదు. నిద్రపోయినావు.

గల్లలు నీళ్ళిస్తే తాగరంట, పిండి పెడితే ముట్టరంట.
మన గల్లలు అట్ల కాదు.
చుక్క పొడవకముందే జీపులో వచ్చినారు.
అమ్మ ఇచ్చిన మజ్జిగ ముంత ఎత్తి తాగినారు,
మూతి తుడుచుకోని అడిగినారు,
ఎర్రచందనం దుంగలు యాడ దాచినావని.
నీ చేతిలో తుమ్మకొమ్మలు దూసే దోటి.
మారణాయుధం, అని రాసుకున్నారు.

దుముజిని పట్టిచ్చింది స్నేహితుడు.
ఏటి నీళ్ళూ పండిన చేనూ ఇస్తామన్నారంట వాడికి.
నిన్ను పట్టిచ్చినోడి పేరు రాయను.
వాడి చేన్లో మాత్రం కొత్త బోరు పడింది.

పాతాళం ఎవరినీ ఊరికే వదలదు.
అందుకని గెష్తినన్న ఒప్పందం చేసుకుంది:
ఆరు నెలలు అన్న, ఆరు నెలలు నేను.
పీలేరు జైల్లో అట్లాంటిది ఉందా అని అడిగినాను.
గుమాస్తా తలెత్తలేదు.
"ఆధార్ కార్డు జిరాక్సు" అన్నాడు.

కొండ మీద తెల్లారగట్ల
దివిటీ పట్టుకోని ముందు నడిచేది గొల్ల.
స్వామి మేలుకొనే ముందు ఆ తలుపు కాడ మన వంతు మొదటిది.
ఈ తలుపు కాడ
ఎండ నెత్తికెక్కినా మన పేరు పిలవరు.

పుస్తకం మూసి మందకొచ్చినాను.
నీ కంబళి నాకు పొడుగు, నేల మీద ఈడుస్తాది.
నాలుక మడిచి నువ్వు కూసే కూత రాదు,
జీవాలు తలెత్తి చూసి మళ్ళీ మేస్తాయి.
నలభై రెండు లెక్కపెడితే
ఒకమాటు నలభై ఒకటి, ఒకమాటు నలభై మూడు.
నలభై మూడే నిజం.
కుంటి బొల్లి రాత్రి ఈనింది, పోతుపిల్ల.
తడి ఆరకముందే ఎవురినో వెతుకుతా అరిచింది.

నిన్న వానకు దొడ్డి వాకిట బంకమన్ను.
అరిచేతంత తీసి చదును చేసి
వేపపుల్లతో రాసినాను:
భాకరాపేట. మునెప్ప. గొర్రెల కాపరి.
ఏలిన ఏండ్లు
అని రాసి ఆగినాను.

ఆ సందులో బొల్లి వచ్చి తొక్కింది.
రెండు మేకులు పక్కపక్కన దిగినట్టు గిట్ట గుర్తు.
అచ్చం వాళ్ళ అంకెల మాదిరే.
చెరపలేదు. ఎండకు పెట్టినాను.
అది ఎన్నేండ్లో
నాకింకా చదవను రాదన్నా.