అద్దం నీళ్లు

పొద్దున ఆరున్నర. హుస్సేన్ సాగర్ మీద గాలి లేదు.
పాచి వాసన ఒక్కటే లేచి తిరుగుతోంది.
నడి నీళ్లలో బుద్ధుడు తలకిందులుగా కూడా నిల్చున్నాడు,
ఒక్క పగులు లేకుండా.
టికెట్ కిటికీ ఇంకా తెరవలేదు.
లైఫ్ జాకెట్లు ఆరేసి, ఇంజిన్ మూత తీసి
రాణీగంజ్‌లో బేరమాడి తెచ్చిన ప్లగ్గులు బిగిస్తున్నాను.

ఇట్లాంటి నీళ్లంటే చూసేవాళ్లకు ఇష్టం.
ఫోటోలు తీసుకుంటారు.
మాకు కాదు.
రేసు పడవ అడుగు నున్నటి నీళ్లకు కరుచుకుపోతుంది,
ఇరానీ హోటల్ పాలరాతి బల్లకు
తడి సాసరు అతుక్కున్నట్టు.
ఇంజిన్ అరుస్తుంది, స్పీడు రాదు.
నీటికి కొంచెం గరుకు కావాలి,
కింద గాలి దూరేంత,
పడవ తన బరువు మరిచేంత.
ట్రయల్స్ రోజుల్లో ఆల్బర్ట్
చెత్త తీసే పడవ వాళ్లకు చాయ్ తాగించి
మా ముందు అటూ ఇటూ తిప్పించేవాడు.
“దువ్విన తల లెక్కుంది. జర చెరపండి భయ్!”

ఆల్బర్ట్‌ది లాలాగూడ. స్టీరింగ్ అతనిది, థ్రాటిల్ నాది.
అతనికి దారి తెలియాలి, నాకు శబ్దం తెలియాలి.

సముద్రంలో మా తొలి రేసు, భీమిలి ముందు.
ఆరడుగుల అలలు.
పడవ ఎగిరితే ప్రొపెల్లర్ గాలిలో కీచుమంటుంది.
ఆ కీచు పుట్టకముందే థ్రాటిల్ వెనక్కి లాగాలి,
పడవ కడుపు నీటిని తాకేలోపు మళ్లీ ఇవ్వాలి.
లాగు, ఇవ్వు. లాగు, ఇవ్వు.
డెబ్బై నిమిషాలు.
దవడ పళ్లు రెండు కదిలాయి. మూత్రంలో రక్తం.
నాలుగో స్థానం.
ఇసుకలో పడి నవ్వుతుంటే ఆల్బర్ట్ అన్నాడు:
“గిట్లుండాలె సముద్రం. మొహం మీదనే తిడతది.
కడుపుల ఏం పెట్టుకోదు.”

మరుసటి ఏడు అదే తీరం, అదే మలుపు.
గాలి పడిపోయింది.
నీళ్లెక్కడ అయిపోయి ఆకాశమెక్కడ మొదలైందో
కంటికి ఆనలేదు.
చెవికి అల ఏమీ చెప్పలేదు,
అల లేదు గనక.
నేను మొత్తం ఇచ్చేశాను.

ముక్కు లేచింది. మెల్లగానే లేచింది,
చంటిపిల్ల నిద్రలో తల ఎత్తినట్టు.
తర్వాత గాలి అడుగున చెయ్యి పెట్టి
మమ్మల్ని అట్టులా తిరగేసింది.

అతని కుడి భుజంలో ఇప్పుడు ఆరు మేకులు.
నాకు గీత కూడా పడలేదు.
ఆస్పత్రిలో అతను నన్ను ఒక్క మాట అనలేదు.
నేనూ అడగలేదు.
ఐదేళ్లు మా మధ్య ఎంత నున్నగా ఉందంటే
పండక్కి పంపుకున్న మెసేజ్‌లు కూడా
ఎక్కడా ఆగక జారిపోయేవి.

కిటికీ తెరిచారు.
మొదటి టికెట్ ఎడమ చేతిలో పట్టుకుని
ర్యాంపు దిగొస్తున్నాడు, ఆల్బర్ట్.
జాకెట్ బెల్టు ఒంటి చేత్తో కుదరకపోతే
నేనే వంగి బిగించాను.
“ఎన్ని నిమిషాలు తిప్పుతవు?”
“పది.”
అంతే.

అందరినీ తిప్పినట్టే బుద్ధుడి చుట్టూ తిప్పాను.
అటు నెక్లెస్ రోడ్డు, ఇటు నెక్లెస్ రోడ్డు నీడ.
సంజీవయ్య పార్కు దగ్గర మలిచి
వెనక మేమే గీసిన గీత కోసం వెతికాను.
దానికి అడ్డంగా పడవ నిలిపి, ఇచ్చాను.

తొలి గట్టుకే ఎగిరాం.
నా చెయ్యి దానంతటదే వెనక్కి లాగింది.
పక్క సీట్లో అతని ఎడమ చెయ్యి
లేని స్టీరింగును పట్టుకుని ఉంది.
దబ్బున పడ్డాం. మొహం నిండా మురుగు నీళ్లు.

ఉమ్మేసి, మూతి తుడుచుకుని,
“ఆ రోజు లాగాల్సింది రా నువ్వు,” అన్నాడు.
“నువ్వు అరవాల్సింది.”
“అరిసిన. నీకు ఇనబడలె.”

ఇంజిన్ ఆపేశాను.
మా అల గట్టు దాకా పోయి, తిరిగొచ్చి
పడవను ఒకసారి తట్టింది, మళ్లీ తట్టింది.
ట్యాంక్‌బండ్ వైపు నుంచి కొంచెం గాలి.
టికెట్లో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.