చెవిపోటు

పనసచెక్క మీద వెంట్రుకంత ఎత్తున్నా
నా వేలికి దొరికిపోద్ది.
అలాగే దొరికేయి, నీళ్ళు పోసుకుంటుండగా,
లుంగీ చాటు చోట
ఆవగింజల్లాగ, నాలుగో అయిదో.

పదకొండు రోజులు లెక్కెట్టుకున్నాను.
సబ్బు మార్చేను. పక్క మార్చేను.
వీణ కుండ తొలుస్తూ ఉలి జారి బొటనవేలు కోసుకున్నాను.
ఏటయిందని పైడమ్మ అడగలేదు,
అడిగితే బాగుణ్ణు.

బొబ్బిలి ఆస్పత్రిలో అందరూ ఎరిగినోళ్ళే.
విజయనగరం బస్సెక్కేను.
ఓపీ కిటికీలోంచి గట్టిగా: "ఏటి బాధ?"
వెనకాల చూద్దును గదా, మా ఊరి పోస్టుమేను.
"చెవిపోటండి."

చెవి డాక్టరు రెండు చెవులూ చూసి
బాగున్నాయన్నాడు.
నేను లేవలేదు.
ఆయనే లేచి తలుపు దగ్గరికేశాడు.

పధ్నాలుగో గది. చర్మం డాక్టరమ్మ
లైటు వంచి, కళ్ళజోడు సర్దుకుని,
"నూనె గ్రంథులయ్యా. జబ్బు కాదు, అంటుకోవు.
పెదవి లోపల చూసుకో, అక్కడా ఉంటాయి.
గిల్లకు, అంతే."
మందుల చీటీ మీద ఏమీ రాయలేదు.

టీకొట్టు అద్దంలో పెదవి తిప్పి చూసుకున్నాను.
ఉన్నాయి.
ఇన్నేళ్ళూ వీటితోనే అన్నం తిన్నాను.

ఫోను మోగింది. పైడమ్మ.
"చెవిపోటు తగ్గిందేటి?"

పోస్టుమేను ఉత్తరాలైతే వారానికిస్తాడు.

తగ్గిందన్నాను.
మిగతాది ఇంటికొచ్చి చెప్తానన్నాను,
లైటు వేసే.