ముక్కుపుడక

"ఫుంకా, ఫుంకా" అంటడు టెక్నీషియన్ మరాఠీల.
లసుమవ్వ నా దిక్కు చూస్తది.
"ఊదవ్వా, తడికట్టెల పొయ్యి ఊదినట్టు,
నేను చాలనేదాకా ఆపకు."

క్లిప్పు పట్టలేదు. పుడక అడ్డం.
పెండ్లినాటిది, తియ్యనన్నది.
గ్లోవ్సు మొన్ననే అయిపోయినయి.
సరే, నా రెండు వేళ్లతోనే ముక్కు మూసిన.

మొదటిసారి దగ్గు.
రెండోసారి గొట్టం పక్కనుంచి జారిన గాలి.
మూడోసారి
తెర మీద గీత లేచింది, లేచి
ధర్మాబాద్ యార్డుల మిర్చి బస్తా లెక్క
కూలబడ్డది.

"అంటుకున్నదా బిడ్డా పొయ్యి?"

కూసోబెట్టి నీళ్లిచ్చిన. నాడి రాసుకున్న.
ముప్పై ఏండ్లు తొడిమెలు తీసిన మనిషి
తానం చేసే వచ్చిందట.

రిపోర్టు రేపు.
చెమట తుడుచుకుందామని చెయ్యెత్తితే
కండ్లు భగ్గుమన్నయి.